ఒక బేతడు తక్కువ

ఖమ్మం జిల్లా కల్లూరు నుంచి నైరుతి దిక్కుగా మధిర దాటి, రాష్ట్రం సరిహద్దు దిగి నందిగామ వైపు వెళితే మాగల్లు వస్తుంది. వాయవ్యంగా ఖమ్మం మీదుగా ఇల్లందు అడవుల అంచుకు పోతే బయ్యారం వస్తుంది. మొదటి ఊరిని దానం చేస్తూ 956లో వేంగి రాజు ఒక రాగిశాసనం ఇచ్చాడు. రెండో ఊళ్ళో, 13వ శతాబ్ది తొలి పాదంలో ఒక ఆడపడుచు చెరువు తవ్వించి రాతిశాసనం వేయించింది. ఈ రెంటి మధ్యా రెండున్నర శతాబ్దాలకు పైగా ఎడం. భాష సంస్కృతమే గానీ సందర్భాలు వేరు, రాయించినవాళ్ళు వేరు. అయినా ఈ రెంటినీ పక్కపక్కన పెట్టుకుంటే తప్ప, ఓరుగల్లు కోట కట్టిన కాకతీయుల తొలి తాతలెవరో తేలదు.

ఈ రెండు ఊళ్ళ మధ్య నేల అప్పట్లో ఎవరి సొంతమూ కాదు. తూర్పున కోస్తా పట్టుకుని వేంగి చాళుక్యులున్నారు. పడమట మాన్యఖేటం నుంచి రాష్ట్రకూటులు తోసుకొస్తున్నారు. ఖమ్మం పక్కనున్న ముదిగొండ పేరుతో మరో చాళుక్య కుటుంబం ఉంది. మహబూబాబాద్ దగ్గరి కురవి, పాత పేరు కొరవి, వాళ్ళ చేతిలోంచి జారుతూ మళ్ళీ చిక్కుతూ ఉండేది. దక్షిణాన నతవాడి సీమ. ఇలాంటి సరిహద్దుల్లో చిన్న సేనానులకు గిరాకీ ఎక్కువ. ఇవాళ ఒకరి కొలువు, రేపు ఇంకొకరి కొలువు. కాకతీయుల తొలి అడుగులు వెతకాల్సింది వరంగల్లులో కాదు, ఈ చుట్టుపక్కలే.

వెతుకులాట మాత్రం సహజంగానే అనుమకొండలో మొదలైంది. వేయిస్తంభాల గుడిలోని శాసనం తేదీ 1163 జనవరి 19. రుద్రదేవుడు తాను ఇక ఎవరికీ సామంతుణ్ణి కానని లోకానికి చాటిన శాసనం అది. 1882లో ఫ్లీట్ దాన్ని ప్రచురించాక కాకతీయుల చరిత్రకు ఒక గట్టి మొదలు దొరికింది. రుద్రుడి తండ్రి ప్రోలుడు. ప్రోలుడి తండ్రి త్రిభువనమల్ల బిరుదున్న బేతడు. అక్కడితో ఆగిపోతుంది. ప్రోలుడు ఎవరెవర్ని ఓడించాడో వివరంగా చెప్పిన కవి, ముత్తాత పేరు ఎత్తడు. స్వతంత్రుడైన రాజుకు తాత దాకా చాలనుకున్నాడో, అంతకు పైన చెప్పుకోదగ్గది లేదనుకున్నాడో.

రుద్రుడి తమ్ముడి కొడుకు గణపతిదేవుడు రాజ్యాన్ని సముద్రం దాకా పెంచేసరికి ఈ మొహమాటం పోయింది. ఓడ వర్తకులకు అభయమిస్తూ ఆయన 1244 ప్రాంతంలో మోటుపల్లిలో వేయించిన స్తంభ శాసనంలో వంశం సూర్యుడి దాకా ఎక్కింది. ఇక్ష్వాకుడు, భగీరథుడు, రఘువు, దశరథుడు, రాముడు, ఆ తరవాత దుర్జయుడు. 1260 నాటి గారవపాడు శాసనంలో కరికాల చోళుడూ వచ్చి చేరాడు. ఆయన సంతతివాడైన దుర్జయుడు వేటకొచ్చి కాకతి అనే ఊళ్ళో విడిది చేశాడట. మరుసటేడు మల్కాపురం శాసనం కూడా సూర్యవంశమనే అంది. అదే గణపతి సేనాని మల్యాల గుండన వేయించిన భూత్‌పూర్, వడ్డెమాను శాసనాలేమో తన ప్రభువులది నాలుగో వర్ణమని ఏ బెరుకూ లేకుండా చెబుతాయి. సొంత సేనాని అబద్ధమాడి రాజును తగ్గించడు కదా. నా మటుకు నాకు రాముడి పేరున్న పట్టిక కంటే ఈ సేనాని మాటే బరువైన సాక్ష్యం.

అయితే బేతడికి ముందు ఎవరు? సూర్యుడికీ బేతడికీ మధ్య ఖాళీని పూరించే మొదటి ఆధారం కాకతీయులది కాదు, విరియాల వాళ్ళది. జనగామ దగ్గరి గూడూరులో వాళ్ళ శాసనముంది. తెలుగు వృత్త పద్యాల తొలి నడక గురించి మాట్లాడేవాళ్ళు దీని పేరు తప్పక తలుస్తారు. విరియాల ఎర్రడు బొట్టు బేతడి పగవాణ్ణి చంపి, బొట్టు బేతణ్ణి కొరవిలో నిలబెట్టాడు. ఈ బొట్టు బేతడు ముదిగొండ చాళుక్యుడు. ఎర్రడి భార్య కామసాని, గరుడ బేతడనే కాకతి కుర్రాణ్ణి, త్రిభువనమల్ల బేతడికి తాత కాబోయేవాణ్ణి, చక్రవర్తికి చూపించి, అనుమకొండ ఇప్పించింది. చక్రవర్తి అంటే కల్యాణి చాళుక్యుడు, రాష్ట్రకూటుల్ని కూలదోసి కొత్తగా గద్దెనెక్కిన వంశంవాడు.

భర్త కొరవిలో ఎవరినో చంపాడు. భార్య అనుమకొండలో ఎవరినో నిలబెట్టింది. రెండూ ఒకే శాసనంలో, ఒకే ఇంటి ఘనతగా ఉన్నాయి. చచ్చినవాడికీ నిలబడ్డవాడికీ చుట్టరికం ఉందా? శాసనం చెప్పదు. గరుడ బేతడి తండ్రి పేరూ చెప్పదు. అనుమకొండ తనంతట గెలుచుకున్నాడనక, ఒకావిడ పూనుకుని ఇప్పించిందన్నారు కాబట్టి బేతడు చాలా చిన్నవాడై ఉంటాడు, తండ్రి పోయిన పిల్లాడై ఉంటాడు అని మాత్రం ఊహించవచ్చు. ఇది గుర్తుంచుకోవాలి, ముందు అక్కరకొస్తుంది.

తండ్రి పేరు బయ్యారంలో ఉంది. 2016 దాకా ఖమ్మం జిల్లాలోనే ఉన్న ఈ ఊరు ఇప్పుడు మహబూబాబాద్ జిల్లాలోకి వెళ్ళింది. పెద్ద చెరువు ఇప్పటికీ పొలాలకు నీళ్ళిస్తోంది. దాన్ని తవ్వించింది మైలమ, గణపతిదేవుడి తోబుట్టువు. తండ్రి మహాదేవుడు దేవగిరి యాదవుల మీదికి వెళ్ళి యుద్ధంలో పోయాడు, అన్నదమ్ముడు గణపతి శత్రువుకు చిక్కి కొంతకాలం బందీగా ఉన్నాడు. ఇల్లు ఊగిన రోజులు చూసిన మనిషి ఆమె. తరవాత నతవాడి ఏలిక రుద్రుడి ఇల్లాలైంది. చెరువుకు ధర్మకీర్తి సముద్రమని పేరు పెట్టింది. ఊరి పేరులో తల్లి బయ్యమ పేరు వినిపిస్తుందని అంటారు.

ఇలాంటి రాయిని చదవడం అంటే ఎదురుగా నిలబడి చదివేయడం కాదు. ముందు నాచూ సున్నమూ బ్రష్షుతో రుద్ది కడుగుతారు. తడిపిన కాగితాన్ని రాతికి అంటించి, గట్టి కుచ్చుల బ్రష్షుతో కొడుతూ పోతారు. కాగితం అక్షరాల గుంటల్లోకి దిగుతుంది. అది ఆరీ ఆరకముందే గుడ్డ చుట్టిన ఉండతో సిరా అద్దితే, మిట్టలు నల్లబడి అక్షరాలు తెల్లగా మిగులుతాయి. ఎండలో రాయి మీద కనబడని ఒత్తు కాగితం మీద కనబడుతుంది. ఒక్కో కొమ్ము, ఒక్కో సున్న దగ్గర ఒక మనిషి పేరు మారిపోతుంది కాబట్టి ఈ ఓపిక తప్పదు.

బయ్యారం రాయి మీద మైలమ చెప్పించిన వరస ఇది. దుర్జయుడి కులంలో వెన్నడనే రాజు పుట్టాడు. అతను కాకతిలో ఉండి ఏలాడు గనుక అతని వంశంవాళ్ళు కాకతీశులయ్యారు. అతని తరవాత గుండడనే పేరుతోనే ముగ్గురు. పరశురాముడు, దశరథరాముడు, బలరాముడు ముగ్గురు రాముల్లా ఉన్నారని కవి పోలిక. మూడో గుండడి తరవాత ఎర్రడు. ఎర్రడి తరవాత పిండి గుండడు. అతని తరవాత బేతడు, ప్రోలుడు, మళ్ళీ బేతడు, మళ్ళీ ప్రోలుడు, మహాదేవుడు, గణపతి.

సూర్యుడు లేడు, రాముడు పోలికకే వచ్చాడు, కరికాలుడి జాడే లేదు. దుర్జయుడి పేరొక్కటి మర్యాదకు చెప్పి, మిగిలినదంతా గుండడు, ఎర్రడు లాంటి అచ్చ తెలుగు పేర్లతో నింపింది. రాజాస్థానంలో ఆ తరవాత కొన్నేళ్ళకు కట్టబోయే ఇక్ష్వాకు వంశానికి ఈ పేర్లు ఏ మాత్రం సరిపడవు. పుట్టింటి పెద్దల పేర్లు ఆడపడుచుకు తెలిసినంత బాగా కవులకు తెలియవని నేననుకుంటాను. అయినా అనుమానం అనుమానమే. మూడో గుండడు, ఎర్రడు మైలమకు మూడు వందల ఏళ్ళ వెనకటివాళ్ళు. ఇంట్లో చెప్పుకున్న పేర్లు నిజమో కాదో చెప్పే మరో సాక్షి కావాలి. ఆ కాలంలోనే పుట్టిన సాక్షి అయితే మరీ మంచిది.

ఆ సాక్షి మాగల్లు రాగిశాసనం.

వేంగి చాళుక్యుల రాగిశాసనాలు ఒక మూసలో ఉంటాయి. పొడవాటి రేకులు, ఎడమవైపు ఒక చిల్లు, చిల్లులోంచి లావుపాటి రాగి కడియం, కడియం అతుకు మీద గుండ్రటి ముద్ర. ముద్ర మీద వరాహం, అంకుశం, సూర్యచంద్రులు, మధ్యలో శ్రీ త్రిభువనాంకుశ అన్న అక్షరాలు. రేకుల అంచుల్ని కాస్త పైకి లేపి ఉంచుతారు, ఒకదాని మీదొకటి రాసుకుని అక్షరాలు అరిగిపోకుండా. లోపల ముందుగా రాజుల పట్టీ. కుబ్జ విష్ణువర్ధనుడు 18 ఏళ్ళు ఏలాడు, అతని మనుమల కాలం ఇంత, ఫలానా వాడు ఇంత అని లెక్క రాసుకుంటూ వస్తారు. ఇంద్ర భట్టారకుడు ఏలింది ఏడంటే ఏడు రోజులు. అతన్నీ వదల్లేదు. అంత పట్టింపు. చివర్న దానం వివరాలు, పొలిమేరలు, లాక్కున్నవాడు అరవై వేల ఏళ్ళు మలంలో పురుగై పుడతాడన్న శాపం.

మాగల్లు రేకులకు తేదీ తెచ్చింది ఈ లెక్కల అలవాటే. అమ్మరాజు పదకొండేళ్ళు ఏలి, కృష్ణుడి ఆగ్రహం వల్ల కళింగానికి వెళ్ళిపోయాడనీ, అప్పుడు దానార్ణవుడు వల్లభుడి దయతో రాజ్యం అందుకున్నాడనీ అందులో ఉంది. వల్లభుడంటే రాష్ట్రకూట మూడో కృష్ణుడు. అమ్మరాజు పట్టాభిషేకం 945 డిసెంబరులో జరిగినట్టు వేరే శాసనాల్లో స్పష్టంగా ఉంది. దానికి పదకొండు కలిపితే 956. తేదీ వేయని రేకు మీద తేదీ ఇలా పుట్టింది. తమాషా ఏమిటంటే, అమ్మరాజు తిరిగొచ్చి మళ్ళీ చాలా ఏళ్ళు ఏలాడు. తరవాతి వేంగి శాసనాలు దానార్ణవుడి పాలన 970 తరవాతి మూడేళ్ళే అంటాయి. సవతి తమ్ముణ్ణి తరిమి 956లో గద్దెనెక్కిన ముచ్చటను అధికారిక పట్టీ మింగేసింది. ఏడు రోజుల రాజునూ రాసిన లెక్కగాళ్ళే, ఇబ్బంది పెట్టే సంగతి వచ్చేసరికి కలం ఎత్తేశారు.

దానార్ణవుడు ఆ ఏడు నతవాడి సీమలోని మాగల్లును డొమ్మన అనే బ్రాహ్మణుడికిచ్చాడు. ఇవ్వమని అడిగింది కాకర్త్య గుండ్యన. తన కోసం డొమ్మన కార్పటి వ్రతం చేసినందుకు గుండ్యన రాజును వేడుకున్నాడు. కొత్త రాజు కాదనలేదంటే, గద్దె దక్కడంలో గుండ్యన చేసిన సాయం చిన్నది కాదు. అడిగినవాడి పరిచయం కోసం శాసనకర్త కొన్ని పంక్తులు కేటాయించాడు. గుండియ రాష్ట్రకూటుడు. అతని తరవాత ఎరియ రాష్ట్రకూటుడు. అతని తరవాత బేతియ. బేతియకు వంద్యనాంబ వల్ల పుట్టినవాడు కాకర్త్య గుండ్యన.

గుండియ, ఎరియ, బేతియ, గుండ్యన. ఇది రాగి మాట. గుండడు, ఎర్రడు, గుండడు. ఇది రాతి మాట.

ఈ పోలికను పట్టుకుని వంశవృక్షాన్ని నిలబెట్టిన పండితుల్లో పి.వి. పరబ్రహ్మశాస్త్రి ముఖ్యులు. 1978లో వచ్చిన ఆయన కాకతీయుల చరిత్రలో రాగీ రాయీ ఒకే కుటుంబానివన్నది పునాది. ఇప్పుడందరూ ఒప్పుకుంటున్నారు గనుక తేలికగా కనబడుతుంది గానీ, అడ్డం తిరగదలచుకున్నవాడికి చోటు లేకపోలేదు. గుండడు, ఎర్రడు, బేతడు ఈ నేల మీద వీధికొకడుండే పేర్లు. ఈ కథలోనే చూడండి, కామసాని భర్త ఎర్రడు, కొరవి చాళుక్యుడు బేతడు, గణపతి సేనాని గుండన. పేర్లు కలిసినంత మాత్రాన చుట్టరికం కలిసిపోదు. పైగా రాయిలో బేతియ లేడు.

మొదటి అభ్యంతరానికి జవాబు కాకర్త్య అన్న ఇంటిపేరు, ఊళ్ళు. పేర్లు వీధికొకటి దొరుకుతాయి గానీ, కాకతి ఇంటిపేరుతో, కొరవికీ నతవాడికీ నడుమ, 10వ శతాబ్దిలో, ఎర్రడి తరవాతి గుండడు ఇద్దరుండడం కుదరదు. ఎర్రడు కుర్రవాడి సీమ ఏలాడని బయ్యారం శాసనమే అంటుంది. కుర్రవాడి ఇప్పటి కురవేనని చరిత్రకారుల మాట. గుండ్యన అడిగి ఇప్పించిన ఊరు నతవాడిలోది. ఆ నతవాడికే మైలమను కోడలిగా పంపారు. కుటుంబం అనుమకొండకూ అక్కణ్ణుంచి ఓరుగల్లుకూ వెళ్ళి రాజ్యమేలినా, పిల్లనిచ్చే చోటు మాత్రం పాత చుట్టుపక్కలే ఉంది.

రెండో అభ్యంతరమే అసలు చిక్కు. బేతియ ఏమయ్యాడు?

మన ఇళ్ళల్లో తాత పేరు మనవడికి పెట్టడం ఎవరూ నేర్పక్కర్లేని ఆచారం. కాకతీయుల వరసను ఈ కంటితో చూడాలి. గరుడ బేతడు, కొడుకు ప్రోలుడు, మనవడు బేతడు, మునిమనవడు ప్రోలుడు. తాత పేరు మనవడికి, ఎక్కడా తాళం తప్పలేదు. ఇదే తాళంలో వెనక్కి నడవండి. గరుడ బేతడి తండ్రి పిండి గుండడు. అలాంటప్పుడు గరుడ బేతడి తాత పేరు బేతడు కావాలి. బయ్యారం రాతి మీద ఆ చోట ఎర్రడున్నాడు, బేతడు లేడు. మాగల్లు రాగి మీద సరిగ్గా ఆ చోటే బేతియ ఉన్నాడు. గుండ్యన, అంటే రాతిలోని పిండి గుండడు, తన తండ్రి పేరును కొడుక్కి పెట్టుకున్నాడు. బేతియ పేరు మైలమకు చేరకపోయినా, అతని పేరు మోసినవాళ్ళు ఆమె పట్టీలోనే ఇద్దరున్నారు. రాగి, రాయి ఒకే ఇంటివని నన్ను ఒప్పించింది కలిసిన పేర్ల కంటే ఈ తగ్గిన పేరే. ఫ్రాన్సు, జర్మనీల పాత ప్రభువుల వంశాల్ని, మఠాలకిచ్చిన దానపత్రాల్లోంచి ఏరుకునే చరిత్రకారులూ ఇంటిపేర్లు లేని కాలంలో ఇలా తిరిగి తిరిగి వచ్చే పేర్లనే పట్టుకుంటారు. వాళ్ళకు అది శ్రమపడి కనిపెట్టిన పద్ధతి, మనకు బారసాల.

కాలం లెక్క చూస్తే ఇంకో ఇబ్బంది. 956 నాటికే గుండ్యన రాజును ఊరడగగల స్థాయిలో ఉన్నాడు, అంటే కనీసం పాతిక దాటి ఉంటాడు. గరుడ బేతడు 1051లో బతికే ఉన్నాడని శనిగరం శాసనం వల్ల తెలుస్తోంది. తండ్రి చేతికందినప్పటి నుంచి కొడుకు చివరి రోజుల దాకా 95 ఏళ్ళు. మామూలు ఇళ్ళల్లో ఇంత కాలంలో మూడు తరాలు పడతాయి. ఇక్కడ ఇంకో పేరు కూడా రాలిపోయిందా? గూడూరు పద్యాలు ఇక్కడ అక్కరకొస్తాయి. 973లో దానార్ణవుణ్ణి జటాచోడ భీముడు చంపాక గుండ్యనకు వేంగిలో అండ పోయింది. అదే ఏడు పడమట రాష్ట్రకూటులూ కూలిపోయారు. రెండు వైపులా గొడుగు లేని గుండ్యన కొరవి మీద తన జెండా ఎగరేసి ఉంటాడనీ, ముదిగొండ వాళ్ళు కల్యాణికి మొర పెట్టుకుంటే విరియాల ఎర్రడు వచ్చి చంపిన బొట్టు బేతడి పగవాడు ఇతనేననీ పరబ్రహ్మశాస్త్రి అల్లిక. అప్పటికి గుండ్యన ముసలివాడు. కామసాని చెయ్యిపట్టి తీసుకెళ్ళిన బేతడు పసివాడు. లేటు వయసులో పుట్టిన కొడుకు, చిన్నతనంలోనే పదవికొచ్చి అర శతాబ్దం పైగా నెగ్గుకొచ్చాడు. 95 ఏళ్ళూ ఇద్దరికే సరిపోయాయి.

భర్త చంపినవాడి బిడ్డను భార్య ఎందుకు ఆదుకుంది? కామసాని గుండ్యనకు తోబుట్టువై ఉంటుందని, అంటే పిల్లాడికి మేనత్త అని ఊహించినవాళ్ళున్నారు. కుదిరే మాటే. కానీ పద్యాల్లో ఆ చుట్టరికం లేదు, నేను దాన్ని వంశవృక్షంలో గీతగా గీయను.

ఒక పేరు ఇలా జారిపోవడం ఈ ఇంట్లో ఇదొక్కసారే కాదు. కాజీపేట దర్గా దగ్గరి శాసనం 1098 నాటిది. అందులో త్రిభువనమల్ల దుర్గరాజు అనే కాకతీయుడున్నాడు, రెండో బేతడి కొడుకు. అంటే రెండో ప్రోలుడికి అన్న, రుద్రదేవుడికి పెదనాన్న. 1163 శాసనంలో రుద్రుడు ఆయన ఊసే ఎత్తలేదు. మైలమ పట్టీలోనూ లేడు. ఈ పట్టీలు నిచ్చెనలు, చెట్లు కావు. శాసనం వేయించినవాడి పాదాల కిందికి వచ్చే మెట్లే లెక్క, పక్కకు చీలిన కొమ్మలకు చోటుండదు. అన్నను పక్కన పెట్టి తమ్ముడి సంతానం రాజ్యానికొస్తే ఇక చెప్పేదేముంది. దుర్గరాజు విషయంలో రాజకీయమే ఉండి ఉండవచ్చు. బేతియ విషయంలో అంత అక్కర్లేదు. పెద్ద యుద్ధమూ, పెద్ద పదవీ లేకుండా చిన్న వయసులో పోయిన మనిషి మూడు శతాబ్దాల తరవాత గుర్తుండడం కష్టం. మాగల్లు రేకు మీద కూడా అతని పేరు పక్కన రాష్ట్రకూట అన్న మాట లేదు. ముందున్న ఇద్దరికీ ఉంది. అతని గురించి చెప్పినదల్లా భార్య పేరూ కొడుకు పేరే.

ఆ రాష్ట్రకూట మాట మీద వాదం తెగలేదు. మాన్యఖేటం వంశానికి చెందిన సేనానులు కాబట్టి అలా రాశారనేది ఒక పక్షం. సీమ అధికారికీ, ఊరి పెద్దకూ అదే మాట వాడేవారనేది రెండో పక్షం. వేంగి శాసనాలు దానమిచ్చే సీమలోని జనాన్ని రాష్ట్రకూట ప్రముఖులైన కుటుంబులారా అని పిలవడం మామూలే, అక్కడ అది వంశం కాదు, హోదా. నేను మొదటి పక్షం వైపు మొగ్గుతాను, మాటను బట్టి కాదు, సంఘటనల్ని బట్టి. 9వ శతాబ్ది చివర రాష్ట్రకూట రెండో కృష్ణుడు వేంగి మీద పడ్డాడు. వేంగి రాజు చాళుక్య భీముడి కొడుకు ఇరిమర్తిగండడు, పదహారేళ్ళవాడు, పెరువంగూరు యుద్ధంలో గుండయ అనే శత్రు సేనానిని చంపి తానూ చనిపోయాడని వేంగి శాసనాల్లో ఉంది. ఈ గుండయే బయ్యారం మూడో గుండడు, మాగల్లు గుండియ అన్న గుర్తింపు నిజమైతే, ముత్తాత వేంగితో పోరాడి పోయాడు, మునిమనవడు వేంగి గద్దె మీద రాష్ట్రకూటులకు నచ్చిన మనిషిని కూర్చోబెట్టాడు. రెండుసార్లూ కుటుంబం నిలబడింది పడమటి వైపే. మైలమ పట్టీలో ఈ కొలువుల ప్రస్తావన లేదు. 13వ శతాబ్దిలో ఓరుగల్లు బిడ్డకు, తాతలు ఎవరికింద పనిచేశారో చెప్పుకోవాల్సిన పని లేదు.

ఇదే పద్ధతిని కల్లూరుకు రెండో వైపు, భద్రాచలం అడవి దాటి అవతలికి తీసుకెళితే ఎంత పనిచేస్తుందో చూడాలనిపిస్తుంది. 1323లో ఓరుగల్లు పడింది. చివరి రాజు ప్రతాపరుద్రుడు ఢిల్లీ దారిలో నర్మద ఒడ్డున పోయాడని ప్రోలయ నాయకుడి విలస శాసనం చెబుతుంది. అది ఆ తరంవాళ్ళే ఇచ్చిన రాగి సాక్ష్యం. దాదాపు మరో నాలుగు శతాబ్దాలకు, 1703లో, బస్తర్ రాజు దిక్పాలదేవుడు దంతేవాడలో శాసనం వేయించాడు. ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమరాజు ఓరుగల్లు వదిలి బస్తర్ వచ్చాడని, తాము ఆయన సంతతి అని అందులో ఉంది. బస్తర్ రాజకుటుంబం 20వ శతాబ్ది దాకా కాకతీయులమనే చెప్పుకుంది.

బయ్యారం శాసనానికి పెట్టిన పరీక్షే దీనికీ పెడితే? మైలమ తన తాతలకు మూడు వందల ఏళ్ళ దూరంలో ఉంటే, దిక్పాలుడు అన్నమరాజుకు దాదాపు నాలుగు వందల ఏళ్ళ దూరంలో ఉన్నాడు. ఎడం అటూ ఇటూ ఒకటే. తేడా రెండో సాక్షి దగ్గరుంది. ప్రతాపరుద్రుడి కాలపు శాసనాల్లో రాజ్యం పంచుకున్న తమ్ముడిగా అన్నమరాజును నిలబెట్టే మాగల్లు రేకు లాంటిది చరిత్రకారుల చేతిలో లేదు. వంశం మాటా కలవదు. ఓరుగల్లు వాళ్ళు సూర్యుడి దాకా ఎక్కారు, దంతేవాడ వాళ్ళు అర్జునుడి మీదుగా చంద్రుడి దాకా ఎక్కారు. దీన్ని నేను అంత పట్టించుకోను, రెండూ కవుల పనే. పేర్ల తాళం చూద్దామా? అన్నమరాజు తరవాత హమీరదేవుడు, ఇంకొన్ని తరాలకు పురుషోత్తముడు, జయసింహుడు, నరసింహుడు. గుండడు లేడు, బేతడు లేడు, ప్రోలుడు లేడు. ప్రతాపరాజు ఒకడున్నాడు. కానీ ఓరుగల్లు శాఖలోనే రెండో ప్రోలుడి కొడుకులకు రుద్రుడు, మహాదేవుడు అన్న పేర్లు పెట్టినప్పుడే పాత తాళం తెగిపోయింది. గణపతి, రుద్రమ, ప్రతాపరుద్రుడు, వీళ్ళెవరూ తాతల పేర్లు మోసినవాళ్ళు కారు. కాబట్టి బస్తర్ వాళ్ళ మాట అబద్ధమని తేల్చడానికి ఈ పరీక్ష సరిపోదు, నిజమని నిలబెట్టడానికి అసలే సరిపోదు. 14వ శతాబ్దిలో అడవి దారిన గోదావరి దాటిన మనిషి ఎవరికైనా ఓ ఊరో, ఓ మడి చెక్కో దానమిచ్చి రేకు రాయించి ఉంటే, ఆ రేకు మీద తండ్రి పేరుండేది.